గడప బయట గిటారు

మా ఆయన గిటారు అద్భుతంగా వాయించేవాడని ఆయన పోయాక చాలామంది నాతో అన్నారు. అది నిజం కాదు. ఆయన మామూలుగా వాయించేవాడు. ఇరవయ్యేళ్ళప్పుడు ఎట్లా వాయించేవాడో యాభై దాటాక కూడా అట్లాగే వాయించాడు. పల్లవి దాకా బాగానే సాగేది. చరణం మొదలయ్యేచోట ఒక్క క్షణం తడబడి, ఎడమచేతి వేళ్ళకేసి చూసుకుని, మళ్ళీ అందుకునేవాడు. ఆ క్షణం కోసం మా సంఘం మొత్తం నోరు తెరుచుకుని ఆగేది. ఏళ్ళ తరబడి ఆగీ ఆగీ అందరికీ అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ ఆగడం పాటలోనే ఉందనుకుని ఇంటి దగ్గర కూడా అట్లాగే పాడుకునేవాళ్ళు.

ఆయన పేరు డానియేలు. నీళ్ళ బోర్డులో వాల్వులు తిప్పే ఉద్యోగం. మేం ఉండేది మలక్‌పేటలో, ఆయన డ్యూటీ హుస్సేనీ ఆలం వైపు గల్లీల్లో. వాల్వు తిప్పే మనిషంత పొడుగు ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని, రోడ్డు మీది మూత తీసి, ఈ గల్లీకి నీళ్ళు వదిలి, ఆ గల్లీకి కట్టి, ఇంటికొచ్చి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని గిటారు ముట్టుకునేవాడు. అన్నం ముట్టుకునే ముందు ఒక్కసారే కడుక్కునేవాడని కూడా ఇక్కడే రాస్తున్నాను.

ఆ గిటారు ఆయన చేతికి కుర్రతనంలో వచ్చింది. లాలాగూడలో ఒక రైల్వే గార్డు ఇల్లు ఖాళీ చేసి ఊరు వదిలిపోతుంటే సామాన్లు మొయ్యడానికి వెళ్ళాడట. సాయంత్రం కూలి ఇవ్వబోతే వద్దని, పారేయడానికి గోడవారగా పెట్టిన గిటారు చూపించాడట. దాని పొట్ట మీద అరచేయి పొడవు పగులు. తీగలు బిగించే మరల్లో ఒకటి విరిగిపోయింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర జిగురు తెచ్చి పగులు అతికించాడు. విరిగిన మరను కటింగ్ ప్లేయర్‌తో తిప్పడం నేర్చుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో నన్ను బిత్తరపోయేలా చేసింది అదే. ప్రార్థన అయ్యాక పాట అందుకోబోతూ మనిషి జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు.

కూలి వదిలేసి విరిగిన చెక్క ఎత్తుకొచ్చినందుకు మా మామగారు వీపు పగలగొట్టాడట. మా అత్తమ్మ చంద్రమ్మ మాత్రం పాత చీరలు నాలుగు మడతలు పెట్టి దానికి బొంతలాంటి ముసుగు కుట్టింది. అంటే మొదటినుంచీ తల్లీకొడుకులు ఒక పక్క. నేను వచ్చేసరికి ఆ ఇంట్లో గిటారు పాత కాపు, నేను కొత్త దాన్ని.

రెండు గదుల ఇల్లు. వానాకాలం బట్టలు లోపల ఆరేయడానికి వీల్లేదు, గిటారుకు తేమ తగులుతుంది. ఎండాకాలం కిటికీ తెరవడానికి వీల్లేదు, గిటారుకు వేడిగాలి తగులుతుంది. కూలర్ పెట్టుకుందామంటే కూలర్‌లో నీళ్ళుంటాయి కదా అనేవాడు. మరి నువ్వు చేసే ఉద్యోగమే నీళ్ళ ఉద్యోగం, సాయంత్రానికి నీ ఒంటినిండా తేమే, నువ్వు ఎక్కడ ఉంటావ్ అని అడిగితే నవ్వేవాడు. రోజూ పడుకోబోయే ముందు తీగలు వదులు చేసేవాడు. మర్నాడు మళ్ళీ టంగ్, టంగ్ అంటూ బిగించేవాడు. బిగించడానికి అరగంట. వాయించడం పది నిమిషాలు. ఆ అరగంట భరించినదాన్ని నేను. పది నిమిషాలు విన్నవాళ్ళు వచ్చి నాకిప్పుడు ఆయన గొప్పతనం చెబుతున్నారు.

మా అమ్మాయి ప్రీతి చిన్నప్పుడు ఒకసారి చాక్లెట్ చేత్తో దాన్ని పట్టుకుంది. ఆయన అరవలేదు. తడిగుడ్డ, పొడిగుడ్డ తెచ్చుకుని గంటసేపు తుడిచాడు. పిల్ల ముఖం మాత్రం చాక్లెట్‌తో అట్లాగే ఉంది.

"ఆ పిల్ల మూతి గూడ జర తుడ్వరాదా?" అన్నాను.

"అది కడుక్కుంటది టీచర్, దానికి చేతులున్నయ్ గద. గిటారుకు ఏమున్నయ్?"

నన్ను టీచర్ అనే పిలిచేవాడు. బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఇంట్లో మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాను.

ఒక వానాకాలం వాల్వు గుంతలోకి దిగి, నడుము లోతు మురికినీళ్ళలో నిలబడి పనిచేసి వచ్చాక ఆయనకు జ్వరం పట్టుకుంది. రెండు రోజుల్లో కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో చేర్చేసరికి మూత్రపిండాలకు కూడా పాకిందన్నారు. ఎవరినీ గుర్తుపట్టడం లేదు. నేనూ అత్తమ్మా వరండాలో చాప వేసుకుని కూర్చున్నాం. మా పాస్టరు వెస్లీ అయ్యగారు ప్రార్థన చేయడానికి వచ్చారు. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టేలోపే అత్తమ్మ అందుకుంది.

"ప్రభువా, నా కొడుకును నాకు ఇయ్యి. మా ఇంట్ల అందరికన్న పానమైన వస్తువు ఆ గిటారు. కోతపండుగకు తెచ్చి నీ పాదాల కాడ పెడత. మళ్ల దాన్ని మా గడప తొక్కనియ్య. ఇదే నా మొక్కు."

"ఆమెన్," అన్నారు అయ్యగారు.

నేను నోరు తెరిచేలోపే అయిపోయింది. ఇంట్లో అందరికన్నా ప్రాణమైనది ఏదని వెతికితే పక్కనే కూర్చున్న పెళ్ళాం ఆవిడకు కనపడలేదు. కనపడకపోవడమే మంచిదయిందిలే అని తర్వాత అనుకున్నాను. అప్పుడు మాత్రం అయ్యగారు వెళ్ళగానే ఆవిడ మీద పడ్డాను.

"మీ చెవుల కమ్మలు మొక్కరాదా అత్తమ్మా? పాపం, ఆయనకు ఉన్నది అదొక్కటే."

"కమ్మలు పోతె నాకేం నొస్తది? నొయ్యనిది ఇస్తె అది మొక్కెట్ల అయితది?"

"నొచ్చేది ఆయనకు గద, మీకు గాదు!"

"వానికి నొస్తె నాకు నొయ్యదా?"

ఆవిడతో ఏ వాదన పెట్టుకున్నా ఇట్లాగే ముగిసేది.

ఆయన బతికాడు. మందులు పనిచేశాయని డాక్టర్లు, మొక్కు పనిచేసిందని అత్తమ్మ. మనిషి లేచి కూర్చుని బార్లీ నీళ్ళు తాగుతుండగా ఆవిడే చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. కొట్లాట మొదలవుతుందని నేను సిద్ధంగా ఉన్నాను.

"పగులు సంగతి జెప్పినవా?" అన్నాడు.

"ఎవరికిరా?"

"దేవునికి. పగులున్నదని జెప్పకుండ ఇస్తె మోసం గద అమ్మా."

"ఆయనకు తెల్వనిదా," అంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

మా సంఘంలో పొలం ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. రైల్వేవాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, బోర్డు ఉద్యోగులు, మేస్త్రీలు. అయినా కోతపండుగ మాత్రం పంట ఇంటికి తెచ్చినంత గొప్పగా చేస్తాం. మార్కెట్లో కొన్న గుమ్మడికాయలు, పెంపుడు కోళ్ళు, బియ్యం, పచ్చళ్ళు, కేకులు అన్నీ తెచ్చి బలిపీఠం ముందు పెడతాం. ఆరాధన అయ్యాక అక్కడే వేలం వేస్తారు. ఎవరి కోడిని వాళ్ళే రెండింతలకు పాడుకుని చంకలో పెట్టుకుపోవడం మామూలే. కోడి కోడింటికి పోతుంది, డబ్బు దేవుడికి పోతుంది, అందరూ సంతోషం. కానీ అత్తమ్మ ఆ దారి ముందే మూసేసింది. మొక్కు ఇచ్చిన ఇల్లు నోరు తెరవకూడదు. ఇంట్లో ఎవరైనా పాడితే నేను అన్నం మానేస్తానంది.

ఇక ఆయన సంగతి. పండుగకు వారం ముందునుంచీ గిటారుకు సేవలు. కొత్త తీగలు. కొబ్బరినూనె. అమ్మాయిని అత్తారింటికి పంపేవాళ్ళు కూడా అంత తుడవరు. మాట్లాడడు, సరిగా తినడు. వేళ్ళు ఊరికే తొడ మీద కదులుతుంటాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏళ్ళ తరబడి ఆ వస్తువు ఇంట్లోంచి పోతే బాగుండునని కోరుకున్నదాన్ని. తీరా పోయే రోజు వస్తే మనిషి ఇట్లా సగమైపోతే ఏం చేసేది? ఆసుపత్రినుంచి తెచ్చుకున్నది ఇందుకా?

అందుకని సంఘ పెద్ద భిక్షపతన్న దగ్గరికి వెళ్ళాను. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. మాట బయటికి పొక్కనివ్వడు.

"అన్నా, గిటారు వేలంల మీరు పాడుండ్రి. పైసలు నేనిస్త. నా చిట్టీ వచ్చింది. తర్వాత మెల్లగ ఆయనకు ఇచ్చేద్దురు. ఆయనకు ఇప్పుడే తెల్వద్దు, అత్తమ్మకు అస్సలే తెల్వద్దు."

"ఎందాక పాడాలె చెల్లె?"

"వచ్చేదాక పాడుండ్రి."

ఎంత తెలివైన పని చేశానో అనుకుంటూ ఇంటికొచ్చాను. అదే వారం మా ఆయన హుస్సేనీ ఆలంలో పాల వ్యాపారి నర్సింహ దగ్గరికి వెళ్ళాడని నాకేం తెలుసు? నర్సింహకు పాతిక బర్రెలు. కొట్టంలోకి నీళ్ళు సరిగా రావాలంటే వాల్వు తిప్పే మనిషితో స్నేహం కావాలి కాబట్టి మొదలైన స్నేహం, తర్వాత నిజమైన స్నేహమే అయింది. ఆయనా నర్సింహకు అదే చెప్పాడట. పైసలు సొసైటీ లోను తీసి ఇస్తాను, టీచర్‌కు తెలియనివ్వకు, వచ్చేదాకా పాడు అని.

పండుగనాడు అత్తమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుంది. ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుంది, పొరపాటున కూడా లేవకుండా. గిటారును గుమ్మడికాయకూ మామిడికాయ పచ్చడి జాడీకీ మధ్య బల్ల మీద నిలబెట్టారు. వెస్లీ అయ్యగారే వేలం వేస్తున్నారు. గొంతు కాస్త బొంగురుపోయింది, అప్పటికే ఆరు కోళ్ళు అమ్మారు.

భిక్షపతన్న చెయ్యెత్తాడు. నేను నిశ్చింతగా ఊపిరి వదిలాను.

"ఇంకో అయిదొందలు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

తిరిగి చూస్తే భుజాన తువ్వాలుతో నర్సింహ. చర్చిలో అంత గట్టిగా అరవకూడదని ఆయనకు తెలియదు. బర్రెల సంతలో పాడినట్టే పాడుతున్నాడు. ఈయనకు గిటారెందుకు, పిల్లలు ఆడుకోవడానికా అని నాకు కోపం వచ్చింది. భిక్షపతన్నకు కళ్ళతో సైగ చేశాను. ఆయన పెంచాడు. నర్సింహ ఇంకా పెంచాడు. పెంచినప్పుడల్లా జనం "స్తోత్రం!" అని చప్పట్లు కొడుతున్నారు.

భిక్షపతన్నకు రోషం వచ్చింది. వెనక్కి తిరిగాడు. "ఏం భాయ్, బర్రెలకు వినిపిస్తవా ఏంది?"

"వినిపిస్త! నా బర్రెలు, నా ఇష్టం. నీ ఇంట్ల ఎవలకొస్తది వాయించుడు? నువ్వెందుకు పాడుతున్నవ్?"

"నేను దేవుని పనికి పాడుతున్న!"

"పాడు పాడు, దేవుడు గూడ వింటున్నడు, ఇంకో అయిదొందలు!"

"సోదరులారా, ప్రేమతో, ప్రేమతో," అన్నారు అయ్యగారు, కానీ ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. చర్చి రేకులు కారుతున్నాయని ఆయన రెండేళ్ళుగా మొత్తుకుంటున్నారు.

నేను భిక్షపతన్న వైపు తల ఊపుతూనే ఉన్నాను. మా ఆయన మెడ తిప్పి తిప్పి వెనక్కి చూస్తున్నాడు.

"మెడ పట్టేసిందారా?" అంది అత్తమ్మ.

"ఆఁ, జర పట్టేసింది."

వేలం పాట మా ఆయన నెల జీతం దాటిపోయింది. భిక్షపతన్న జేబురుమాలుతో ముఖం తుడుచుకుని, నా వైపు చూసి, ఇక నా వల్ల కాదన్నట్టు చేతులు జోడించి కూర్చున్నాడు. అయ్యగారు బల్ల మీద అరచేత్తో కొట్టారు. నర్సింహ నేరుగా ముందుకు నడిచి, గిటారును దూడపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని, మూడో వరసలో కూర్చున్న మా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇగో డానియేలన్నా. నీ సామాన్ నీకొచ్చింది. నువ్వు చెప్పినట్టే వచ్చేదాక పాడిన."

భిక్షపతన్న లేచి నిలబడ్డాడు.

"ఓరినీ! నువ్వు పాడింది గూడ ఈయన కోసమేనా?" అన్నాడు భిక్షపతన్న. "మరి నన్ను ఈమె ఎందుకు పాడమన్నది?"

అందరూ నా వైపు తిరిగారు. నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన నా వైపు చూసి, "నువ్వా?" అన్నాడు. ఆ ముఖంలోని ఆశ్చర్యం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది. నేను కాకపోతే ఇంకెవరు? అప్పుడు జనం నవ్వడం మొదలుపెట్టారు. అయ్యగారు బల్ల పట్టుకుని మరీ నవ్వారు. మా ఇంటి డబ్బుతో మా ఇంటి డబ్బే పోట్లాడి గెలిచిందని పెద్దలకు పూర్తిగా అర్థమయ్యాక కూడా ఒక్క పైసా వెనక్కి రాలేదు. ఆ ఏడాది చర్చి మీద కొత్త రేకులు పడ్డాయి. వాన పడితే ఆ చప్పుడుకు కింద గిటారు వినిపించేది కాదు.

నవ్వనిది అత్తమ్మ ఒక్కతే. ఆవిడ లేచి నిలబడింది.

"నర్సింహా, కొన్నది ఎవరు?"

"నేనే పెద్దమ్మా. కాని పైసలు డానియేలన్నవి."

"పైసలు ఎవరివైతేంది? నీ నోరుతోటి కొన్నవ్. నీ ఇంటికే తీస్కపో. మా గడప తొక్కనియ్యనని దేవునికి మాట ఇచ్చిన."

"నాకెందుకు పెద్దమ్మా? నాకు బర్రె పొదుగు దప్ప ఇంకోటి పట్టొస్తదా?"

"ఉంచుకో. అది మా ఇంటికొస్తె వీడు మళ్ల ఆ మంచం మీదికి పోతడు."

ఆ మాట తర్వాత ఎవరూ నవ్వలేదు. నర్సింహ గిటారును అట్లాగే ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచీ మా ఆయన పోయేదాకా ఆ గిటారు హుస్సేనీ ఆలంలో, నర్సింహ ఇంటి ముందు గదిలో ఉంది. ఇక నా బతుకు ఎట్లా ఉండేదో చెబుతాను. డ్యూటీ అయ్యాక మనిషి ఇంటికి రాడు. బర్రెల కొట్టం పక్కన కూర్చుని అరగంట బిగించి, పది నిమిషాలు వాయించి, మళ్ళీ వదులు చేసి వస్తాడు. చొక్కానిండా పేడ వాసన. గిటారు ఇంట్లో ఉంటే కనీసం మనిషి కూడా ఇంట్లో ఉండేవాడు. అది పోయింది, దాని వెంట ఆయనా పోయాడు, దాని రూలు మాత్రం మిగిలింది. వానాకాలం ఇప్పుడు బట్టలు లోపల ఆరేయవచ్చు కదా అంటే, అలవాటు తప్పి తనకు ఊపిరాడదట.

నర్సింహ తన బర్రెలు పాట వింటే ఎక్కువ పాలిస్తున్నాయని ఊరంతా చెప్పాడు. అది కూడా అబద్ధమే. ఆయన భార్య రుక్మాబాయి నాతో రహస్యంగా చెప్పింది. "ఏం ఎక్కువ ఇస్తలేవు వదినా. ఈయన పాట వింట కూసుంటె పాలు పిండేది నేనే." ఆవిడ మాత్రం గిటారును బాగా చూసుకుంది. ఎంత బాగా అంటే, దసరాకు బండికీ పాలక్యాన్లకీ పూజ చేసినప్పుడు దానికి కూడా పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టింది. ఆ ఆదివారం గిటారు బొట్లతోనే చర్చికి వచ్చింది. వెస్లీ అయ్యగారు దాన్ని చూసి, గొంతు సవరించుకుని, "డానియేలు, జర అటు తిప్పి పట్టుకో," అన్నారు.

"అటు తిప్పితె తీగలు నా పొట్టకొస్తయ్ అయ్యగారూ."

"తుడువరాదయ్యా మరి."

"తుడిస్తె రుక్మాబాయి బాధపడ్తది."

ఆరోజు బొట్లతోనే స్తుతి కీర్తనలన్నీ అయిపోయాయి.

చర్చి దేవుడి ఇల్లు కాబట్టి అక్కడికి గిటారు రావడానికి అత్తమ్మకు అభ్యంతరం లేదు. ప్రతి ఆదివారం నర్సింహ బండి మీద, రెండు పాలక్యాన్ల మధ్య, బొంత ముసుగులో అది నయాపూల్ పక్కగా వచ్చేది. ఆరాధన అయ్యాక అట్లాగే తిరిగి వెళ్ళేది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మా ఇంటి ముందునుంచే. ఆగేది కాదు. మా ఆయన గుమ్మంలో నిలబడి అది సందు మలుపు తిరిగేదాకా చూసేవాడు. నాకు అరవాలనిపించేది. తెచ్చుకోవయ్యా, నీ గిటారు, నీ ఇల్లు, నీ తల్లి ఏమైనా తుపాకీ పట్టుకుని కూర్చుందా అని ఒకసారి అరిచాను కూడా.

"తెస్త. తెచ్చుడు ఎంత సేపు?" అన్నాడు. "కాని నేను తెస్తె అమ్మ నిద్రపోదు టీచర్. అర్ధగంటకోసారి లేచి నా నుదురు మీద చెయ్యేసి చూస్తది. ఇప్పుడు మంచిగ పండుకుంటున్నది గద."

కొడుకు దారి అది. ఇక తల్లితోనే తేల్చుకుందామని ఒకరోజు ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చున్నాను. ఏళ్ళు గడిచాయి, ఆయన రాయిలా ఉన్నాడు, దేవుడు ఇంత చిన్న విషయం పట్టుకుని కూర్చోడు, తెచ్చేసుకుందాం అన్నాను. ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ అంతా విన్నది.

"సరే తెద్దాం. వాడికి ఏమన్న అయితె పూచీ నువ్వుంటవా?"

ఉంటానని ఒక్క మాట అంటే చాలు. మొక్కుల మీద నాకు నమ్మకం లేదు, ఆయన మందులతోనే లేచాడని నాకు తెలుసు. అయినా చేట ముందుకు లాక్కుని నేనూ చిక్కుడుకాయలు ఒలిచాను.

ఒక ఆదివారం ఆరాధన నుంచి తిరిగి వెళ్తుంటే సరిగ్గా మా ఇంటి ముందు కుంభవృష్టి పట్టుకుంది. బండి ఆగిపోయింది. నర్సింహ గిటారును గుండెకు హత్తుకుని గోడవారగా నిలబడ్డాడు. మా ఆయన తన చొక్కా విప్పి దాని మీద కప్పి, తను బనీనుతో నిలబడ్డాడు.

"లోపలికి రాండ్రి! వాన తగ్గినంక పోదురు!" అని నేను గుమ్మంలోంచి అరిచాను.

"పెద్దమ్మా, ఒక్క పది నిమిషాలు. అరుగు మీద పెడత, లోపలికి తేను," అన్నాడు నర్సింహ.

"అరుగు గూడ మాదే," అంది అత్తమ్మ.

అని, మూలనున్న పెద్ద గొడుగు తీసుకుని, ఆ వయసులో, ఆ వానలో మెట్లు దిగింది. వెళ్ళి గొడుగును గిటారు మీద పట్టుకుని నిలబడింది. తన తల మీద కాదు, కొడుకు తల మీద కాదు. ముగ్గురూ సందులో తడుస్తూ, మధ్యలో ఒక్క గిటారు పొడిగా. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు. నేను తలుపు పట్టుకుని, వీళ్ళలో ముందు ఎవరిని తిట్టాలో తోచక, చివరికి తువ్వాళ్ళు వెతకడానికి లోపలికి వెళ్ళాను. ఆ సాయంత్రం ముగ్గురికీ అల్లం చాయ్ పెట్టింది నేనే. నర్సింహ బయట నిలబడే తాగాడు, గిటారు చేతిలో ఉంది కాబట్టి.

ఆయన రిటైరయ్యాక ఇంటిపట్టున ఉంటాడనుకున్నాను. ఉండలేదు. బస్సెక్కి నయాపూల్ దగ్గర దిగి, అక్కడినుంచి నడుచుకుంటూ రోజూ హుస్సేనీ ఆలం. డ్యూటీ ఉన్నప్పుడైనా జీతం వచ్చేది.

పోయిన వేసవిలో ఒకరోజు ఆయన వెళ్ళలేదు. ఎడమ భుజం లాగుతోందన్నాడు. చాయ్ అడిగాడు. నేను గ్లాసు తెచ్చేసరికి కుర్చీలో తల పక్కకు వాలిపోయి ఉంది. నిన్నటిదాకా నడిచి తిరిగిన మనిషి. ఇంత విసిగించిన మనిషి ఒక్క మాట కూడా చెప్పకుండా పోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ముందు గదిలో పడుకోబెట్టాం. ప్రీతి వచ్చింది, సంఘంవాళ్ళు వచ్చారు, పాటలు మొదలుపెట్టారు. చరణం మొదలయ్యేచోట అందరూ అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగారు. అప్పుడే బయట బండి ఆగిన చప్పుడైంది.

నర్సింహ. చేతిలో బొంత ముసుగు. చెప్పులు విప్పాడు, అరుగు కింద ఆగిపోయాడు. ముఖం అంతా తడి. లోపల కొడుకు తల దగ్గర కూర్చున్న అత్తమ్మకేసి చూస్తున్నాడు. జనం కూడా ఆవిడకేసే చూశారు. నేను ఏమైనా అందామని లేచాను. ఆవిడ నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"బయట ఎందుకు నిలబడ్డవ్ నర్సింహా? లోపలికి తే."

ఆయన కదల్లేదు.

"తే బిడ్డా. ఇంక దేనికి భయం?"

ఆయన గడప దాటి లోపలికొచ్చాడు. ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే, ఆవిడే లేచి ముసుగు విప్పి కొడుకు పక్కన పెట్టింది. సమాధుల తోటకు వెళ్ళేటప్పుడు పెట్టెలో పెడదామా అని ఎవరో అన్నారు. పట్టదని నేనన్నాను. నిజంగానే పట్టదు.

నెల తిరిగాక జ్ఞాపకార్థ కూడిక అయింది. అందరూ వెళ్ళాక వెస్లీ అయ్యగారు, భిక్షపతన్న కూర్చున్నారు. అయ్యగారు కాసేపు ఆయన గొప్పగా వాయించేవాడని చెప్పారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"చంద్రమ్మా, ఊరికే గోడకుంటె పాడైపోతది. క్వయర్‌ల కొత్త పిల్లలు నేర్చుకుంటున్నరు. దేవుని మందిరానికి ఇస్తె..."

అత్తమ్మ ఆయన మాట పూర్తి కానివ్వలేదు.

"ఒకసారి ఇచ్చిన గద అయ్యగారూ. ఆయన తీసుకున్నడు, నాకియ్యాల్సింది ఇచ్చిండు, నడిచినన్ని దినాలు నడిచింది. ఇప్పుడు ఇది నా దగ్గర ఉన్నది, నా కొడుకు ఆయన దగ్గర ఉన్నడు. మళ్ల అడుగుతె నేనేం తెచ్చియ్యాలె?"

భిక్షపతన్న కిందికి చూశాడు. అయ్యగారు, చదువుకున్నదాన్ని కదా, నచ్చజెబుతానేమోనని నా వైపు తిరిగారు. గోడ మీద ఆ గిటారు పగులు కనపడేటట్టు వేలాడుతోంది. దాని కింద తాడు మీద ఆరేసిన నా తడి చీరను అత్తమ్మ పొద్దుననే తీసి అవతల పడేసింది. ఈ వయసులో నేను మళ్ళీ వానాకాలమంతా బట్టలు పట్టుకుని పక్కింటి వరండాకు తిరగాలి.

"అత్తమ్మ చెప్పింది గద అయ్యగారూ," అన్నాను. "చాయ్ చల్లారుతున్నది, తాగుండ్రి."